'అమ్మ ఎప్పుడొస్తుంది?': మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు టైమ్ అర్థమయ్యేలా చెప్పడం ఎలా

జూన్‌లో బడులు తెరిచిన మొదటి రెండు వారాలు తల్లులందరూ నన్ను అడిగేది ఒకటే. "మేడమ్, వీడికి టైమ్ అంటే అసలు తెలియట్లేదు. రేపు తీసుకెళ్తానంటే ఇప్పుడే చెప్పులేసుకుంటాడు. ఎప్పుడో సంక్రాంతినాటి సంగతిని నిన్న అంటాడు. గోడగడియారం బొమ్మ ఒకటి కొనిపెట్టమంటారా?"

విజయవాడ సత్యనారాయణపురంలో చిన్నపిల్లల బడి నడుపుతున్నాను. గేటు దగ్గర నిలబడి ఇదే జవాబు చెప్పీ చెప్పీ, ఈసారి వివరంగా రాసి పెడదామనుకున్నాను.

గడియారం ఇప్పుడే కొనకండి. పిల్లలకు టైమ్ అంకెల్లోంచి రాదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మొదట తెలుస్తుంది. తర్వాత రోజు ఎలా గడుస్తుందో, ఆ తర్వాత నిన్న, రేపు, ఎంతసేపు, వారం తెలుస్తాయి. గడియారం అన్నిటికంటే చివర. ఈ వరస తప్పితే పిల్లలు నేర్చుకోరని కాదు, అప్పజెప్పడం మాత్రమే నేర్చుకుంటారు.

ఇంకో మాట. పిల్లలు టైమ్‌ని మన మాటల్లోంచే నేర్చుకుంటారు. కిందటేడు మూడున్నరేళ్ల బాబు ఒకడు చేరాడు. వాళ్లమ్మ రోజూ గేటు దగ్గర దింపి, "ఐదు నిమిషాల్లో వచ్చేస్తా నాన్నా" అని వెళ్లేది. వాడు నమ్మేవాడు. బ్యాగు దించకుండా, చెప్పులు విప్పకుండా, గేటు కనిపించే కిటికీ దగ్గర నిలబడేవాడు. ఏడవడు, పిలిస్తే రాడు. పాలిస్తే గ్లాసు పట్టుకుని అక్కడే తాగేవాడు. నాలుగో రోజు వాళ్లమ్మ చేత మాట మార్పించాను: "పాలు తాగుతావు, ఆడుకుంటావు, పప్పన్నం తింటావు, చేతులు కడుక్కుంటావు. అప్పుడు అమ్మ వస్తుంది." ఆ బొమ్మలే గీసి కిటికీ పక్కన అంటించాం. ఒక్కో పని అవగానే వాడే వెళ్లి బట్టల క్లిప్పును కింది బొమ్మకు జరిపేవాడు. రెండో వారంలో బ్యాగు దించాడు. వాడికి గంటలు, నిమిషాలు ఇప్పటికీ తెలియవు. అమ్మ ఎప్పుడొస్తుందో మాత్రం తెలుసు.

కావలసినవి

- మూరెడు పొడవున్న అట్టముక్క, ఒక బట్టల క్లిప్పు
- మీ బాబు లేదా పాప రోజూ చేసే పనుల ఫోటోలు నాలుగు నుంచి ఏడు (ఫోన్‌లో తీసి ప్రింట్ వేయించండి, లేదా చేత్తో గీయండి)
- సుద్దముక్క
- ఒకే రకం అర లీటరు నీళ్ల సీసాలు రెండు, మూతలతో సహా
- పిడికెళ్ల కొద్దీ సన్న ఇసుక, ప్లాస్టిక్‌ను అంటించే గమ్, టేపు
- పెద్ద అంకెల గోడ క్యాలెండర్, కొన్ని రంగు కాగితాలు

రెండు సీసాలూ ఇసుకా ఆరో మెట్టుకు. అప్పటిదాకా వాటి జోలికి వెళ్లకండి.

1. ముందు మన మాట సరిచేసుకోవాలి (ఒక వారం)

కిరాణా కొట్లో 'నేడు నగదు – రేపు అరువు' అన్న బోర్డు చూస్తే, ఆ రేపు ఎప్పటికీ రాదని మనకు అర్థమవుతుంది. పిల్లలకు కాదు. బొమ్మ కొనమంటే "రేపు" అంటాం, పార్కుకి వెళ్దామంటే "రేపు" అంటాం. అలా పదిసార్లు జరిగాక పిల్లల నిఘంటువులో రేపు అంటే 'వద్దు' అని స్థిరపడుతుంది.

ఈ వారం పిల్లలకు ఏమీ నేర్పవద్దు. ఇంట్లో పెద్దవాళ్లందరూ ఈ మూడూ పాటించండి:

- కుదరని పనికి "రేపు" అనవద్దు. "వద్దు" అనే చెప్పండి. కాసేపు ఏడుస్తారు, పరవాలేదు.
- "ఐదు నిమిషాలు" అన్నారంటే ఐదు నిమిషాలే కావాలి. అరగంట పట్టేలా ఉంటే పనితో చెప్పండి: "ఈ గిన్నెలు తోమేశాక వస్తా."
- "ఇప్పుడే వస్తా" అని చెప్పి ఆఫీసుకు వెళ్లిపోకండి. చెప్పకుండా దొడ్డిదారిన జారుకోవడం ఇంకా చేటు.

తాతయ్యలకు, నానమ్మలకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి. ఇంట్లో ఒక్కరు మాట తప్పినా పిల్లలు ఆ ఒక్కరి మాటనే గుర్తుపెట్టుకుంటారు.

2. ముందు, తర్వాత

మూడేళ్ల పిల్లలు మాటను విన్న వరసలోనే పట్టుకుంటారు. "అన్నం తినే ముందు చేతులు కడుక్కో" అన్నారనుకోండి, మొదట చెవిన పడింది అన్నం. అందుకే వెళ్లి పీట మీద కూర్చుంటారు. మాట వినలేదని కోప్పడతాం. నిజానికి విన్నారు, మనమే తిరగేసి చెప్పాం. పని జరిగే వరసలోనే చెప్పండి: "ముందు చేతులు కడుక్కో. తర్వాత అన్నం."

తెలుగులో ఇంకో చిక్కుంది. 'ముందు' అంటే ఎదురుగా అని కూడా. "బండి ముందు నిలబడకు" అన్న ముందూ ఇదీ ఒకటే అనుకుంటారు. అలా తికమకపడుతుంటే కొన్నాళ్లు "ఫస్ట్" అనండి, తప్పేం లేదు. ఆటల్లో విని ఉంటారు కాబట్టి చాలామందికి ఆ మాట ముందే తెలుసు.

రోజుకు రెండు మూడుసార్లు, పని చేస్తూ చేస్తూ అడగండి. దోసె వేసేటప్పుడు, "ముందు పిండి పోద్దామా, నూనె వేద్దామా?" చొక్కా వేసేటప్పుడు, "ముందు బొత్తాలా, చేతులా?" కావాలని తప్పు చేసి చూపిస్తే ఇంకా బాగా పట్టుకుంటారు. సాక్సు లేకుండా బూటు తొడిగి, పైన సాక్సు వేయబోయి చూడండి, కిలకిలా నవ్వి మీకే నేర్పుతారు.

3. రోజు పట్టీ

అట్టముక్క మీద పై నుంచి కిందకు ఫోటోలు అంటించండి: లేవడం, స్నానం, టిఫిన్, బడి, మధ్యాహ్నం నిద్ర, ఆట, రాత్రి పడక. ఏడు దాటవద్దు. మూడేళ్ల వాళ్లకు నాలుగు చాలు. పట్టీని పిల్లల కంటి ఎత్తులో పెట్టండి, మన కంటి ఎత్తులో కాదు. క్లిప్పు వాళ్లే జరపాలి.

బజార్లో దొరికే చార్టుల్లో కోటు వేసుకున్న పిల్లలు, మంచు కురిసే కిటికీలు ఉంటాయి. వాటి బదులు మీ పాప, మీ బాత్రూమ్, మీ ఇంటి ఇడ్లీ పళ్లెం ఉన్న ఫోటోలు తీసుకోండి. తేడా మీకే తెలుస్తుంది.

ఫోటోలకు వీలు కాకపోతే చప్పుళ్లు వాడండి. మన ఊళ్లో రోజంతా చప్పుళ్లే కదా. తెల్లవారుజామున గుడి మైకులో సుప్రభాతం, మసీదులో అజాన్, తర్వాత చెత్త బండి పాట, బడి గంట, సాయంత్రం పునుగుల బండి దగ్గర నూనె చిటపటలు. "చెత్త బండి వచ్చేసింది, ఇక స్నానం" అని రోజూ అంటూ ఉంటే పదిరోజుల్లో బండి పాట వినగానే తువ్వాలు పట్టుకుని నిలబడతారు.

ఒక హెచ్చరిక. పట్టీని శిక్షకు వాడకండి. "టైమ్ అయిపోయింది, ఆట లేదు పో" అని ఆట బొమ్మ పీకేస్తే, మర్నాటి నుంచి ఆ అట్ట వైపు చూడరు.

4. నీడ

ఇది ఒక్క ఆదివారం పని. డాబా మీద పిల్లల్ని ఒకే చోట నిలబెట్టి, ఉదయం ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి నీడ చుట్టూ సుద్దముక్కతో గీయండి. పొద్దున ఒక వైపు, సాయంత్రం రెండో వైపు. "నేను కదల్లేదు, నీడే కదిలింది" అని వాళ్లే కనిపెట్టాలి, మీరు ముందుగా చెప్పేయకండి. చలికాలమైతే మధ్యాహ్నం కూడా గీయండి. ఎండాకాలం మన దగ్గర మధ్యాహ్నం పూట డాబా మీద అడుగుపెట్టనివ్వద్దు, పాదాలు బొబ్బలెక్కుతాయి. సూర్యుడి వైపు చూడకూడదని ముందే గట్టిగా చెప్పండి.

మే మొదటి వారంలో ఒక రోజు, ఆగస్టు మొదటి వారంలో మరో రోజు విజయవాడలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు నిటారుగా నిలబెట్టిన సీసా నీడ దాని అడుగునే దాక్కుంటుంది. ఆగస్టులో మబ్బు లేకపోతే ఒక్క నిమిషం చూపించండి. ఐదేళ్ల పిల్లలు ఆ ముచ్చట చాన్నాళ్లు చెప్పుకుంటారు.

5. నిన్న, రేపు

నాలుగేళ్ల లోపు పిల్లలకు జరిగిపోయిందంతా నిన్న, జరగబోయేదంతా రేపు. అది తప్పు కాదు, సగం దారి వచ్చేశారని అర్థం. వెనక్కీ ముందుకీ తేడా తెలిసింది, దూరం తెలియలేదంతే.

మన మాటలూ వాళ్లకు అంత సాయం చేయవు. 'మొన్న' అంటే నిన్నటికి ముందురోజు, ఈమధ్య ఎప్పుడైనా కూడా మొన్నే. 'రేప్పొద్దున' అంటే రేపటి ఉదయం, "రేప్పొద్దున నువ్వు పెద్దయ్యాక" అన్నప్పుడు ఇరవై ఏళ్ల తర్వాత. కాబట్టి పిల్లలతో మాట్లాడేటప్పుడు కొన్నాళ్లు ఈ రెండు మాటల్నీ సరైన అర్థంలోనే వాడండి.

దూరాన్ని కొలవడానికి మంచి కొలత నిద్ర. కొత్త పెళ్లికూతురు పుట్టింట్లో మూడు నిద్రలు చేసి వస్తుందంటామే, ఆ లెక్కే. "అమ్మమ్మ ఎప్పుడొస్తుంది?" అంటే "రెండు నిద్రలు చేశాక" అనండి. రాత్రి పడుకునేటప్పుడు ఒక వేలు ముడవండి. మధ్యాహ్నం కునుకు లెక్కలోకి రాదని మొదటే ఒప్పించాలి. లేకపోతే సాయంత్రం లేచి "ఒక నిద్ర అయిపోయింది" అని కూర్చుంటారు, వాళ్ల లెక్క ప్రకారం అది న్యాయమే.

పడుకునే ముందు ఒక ఐదు నిమిషాలు రెండే ప్రశ్నలు: "ఇవాళ ఏం చేశాం? రేపు ఏం చేద్దాం?" రేపటికి చెప్పింది చిన్నదైనా సరే, జరిగి తీరేదై ఉండాలి. "రేపు పెసరట్టు." మర్నాడు పెసరట్టు పళ్లెంలో పడగానే గుర్తుచేయండి: "నిన్న రాత్రి అనుకున్నాం కదా, రేపు పెసరట్టని? ఆ రేపు ఇవాళే." ఈ ఒక్క వాక్యం మీద పిల్లలు ఎంతసేపు ఆలోచిస్తారో గమనించండి. మా బడిలో ఒక పాప, "మరి రేపు ఎక్కడికెళ్లింది?" అని అడిగింది.

తప్పుగా చెబితే "తప్పు" అని ఆపవద్దు, సరిచేసి తిరిగి చెప్పండి చాలు. "నిన్న గాలిపటం ఎగరేశాం" అంటే, "అవును, సంక్రాంతికి ఎగరేశాం, తాతయ్య వాళ్లింట్లో."

6. ఎంతసేపు

మొదట ఇంట్లో ఉన్న కొలతలు. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టించండి, దూరంగా కూర్చోబెట్టి. "మూడు విజిల్స్ వచ్చేదాకా బొమ్మలు సర్దు" అంటే గడియారంతో పని లేదు.

తర్వాత ఇసుక సీసా. ఇది కొంచెం జాగ్రత్తగా చేయాలి.

ఇసుకను మైదా జల్లించే సన్న జల్లెడలో పట్టి, పాత మూకుడులో తడి పూర్తిగా ఆరేదాకా వేయించి, చల్లార్చండి. రెండు సీసాల మూతలను వీపులు ఆనేలా గమ్‌తో అంటించి, చుట్టూ టేపు చుట్టండి. ఆరాక, మేకును పట్టకారుతో పట్టుకుని స్టవ్ మీద కాల్చి, రెండు మూతల్లోంచీ పోయేలా నడిమధ్యలో రంధ్రం చేయండి. సుమారు 3 మిల్లీమీటర్లు, అంటే అగరుబత్తి లావు. ఈ పని పిల్లలు పక్కన లేనప్పుడు, కిటికీ తెరిచి చేయాలి. ఒక సీసాలో ముప్పావు వంతు ఇసుక పోసి, జోడు మూత బిగించి, ఖాళీ సీసాను దాని మీద బోర్లించి బిగించండి.

ఇప్పుడు తిరగేసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. సరిగ్గా 5 నిమిషాలకు సీసాలను అడ్డంగా పడుకోబెట్టండి, ఇసుక ఆగిపోతుంది. పై సీసాలో మిగిలిన ఇసుకను పారబోసి మళ్లీ బిగించండి. మీ ఐదు నిమిషాల సీసా తయారు. మరోసారి తిరగేసి సరిచూసుకోండి, పది పదిహేను సెకన్ల తేడా ఉంటే పట్టించుకోవద్దు. మధ్యలో ఆగిపోతుంటే ఇసుక తడిగా ఉన్నట్టు, లేదా రంధ్రం చిన్నదైనట్టు. మరీ తొందరగా అయిపోతుంటే రంధ్రం పెద్దదైంది, కొత్త మూతలతో మళ్లీ చేయాల్సిందే.

ఇసుక బదులు బొంబాయి రవ్వ వాడొచ్చు. కానీ మన వానాకాలం గాలికి ముద్ద కడుతుంది, పురుగు కూడా పడుతుంది. ఉప్పు అసలొద్దు.

ఈ సీసాతో పళ్లు తోమించకండి, చదివించకండి మొదటి వారం. ఊరికే పక్కన కూర్చుని ఇసుక జారడం చూడనివ్వండి. ఒకసారి చూస్తూ కూర్చోమనండి, మరోసారి సీసా తిరగేసి ఆడుకోమనండి. "ఏది ఎక్కువసేపు?" అని అడిగితే చూస్తూ కూర్చున్నదే అంటారు. ఒప్పుకోండి. మనకూ క్యూలో నిలబడినప్పుడు అలాగే ఉంటుంది కదా. రెండింటికీ ఇసుక అంతే అని చూపించండి, వాదించకండి.

ప్రయాణంలో "ఇంకెంతసేపు?" అని వేధిస్తారే, దానికి దారిని ముక్కలు చేయండి. విజయవాడ నుంచి గుంటూరు బస్సులో వెళ్తున్నారనుకోండి: వారధి, తాడేపల్లి, మంగళగిరి కొండ, యూనివర్సిటీ, పెదకాకాని, గుంటూరు. ఆరు వేళ్లు. ఒక్కోటి దాటగానే వేలు ముడవాలి. రైలైతే కృష్ణా కెనాల్, మంగళగిరి, నంబూరు, గుంటూరు. 'గంట పడుతుంది' అన్న మాట కంటే, "మంగళగిరి కొండ దాటాం, ఇంకా మూడు వేళ్లు" అన్న మాట పిల్లల్ని కుదురుగా కూర్చోబెడుతుంది. ట్రాఫిక్‌లో ఆగిపోయినా లెక్క చెడదు, అదే దీని గొప్ప.

7. వారం

ఆదివారం, సోమవారం అని గడగడా అప్పజెప్పడం ఒక పాట మాత్రమే. అది వచ్చినంత మాత్రాన వారం అర్థమైనట్టు కాదు. వారంలో ఒక్కో రోజుకూ ఇంట్లో ఒక గుర్తు పెట్టండి: ఆదివారం చికెన్, బుధవారం రంగు డ్రెస్సు, శుక్రవారం గుమ్మానికి పసుపు. మీ ఇంట్లో ఏది తప్పకుండా జరుగుతుందో అదే. క్యాలెండర్‌లో ఆ గడిలో చిన్న బొమ్మ గీసి, రాత్రి పడుకునేముందు ఆ రోజు గడిని వాళ్ల చేత కొట్టేయించండి.

గురువారాన్ని కొన్ని ఇళ్లలో లక్ష్మివారం అంటారు, కొన్ని చోట్ల బేస్తవారం. బడిలో థర్స్‌డే. నాలుగేళ్లు దాటితే ఇవన్నీ ఒకటే అని చెప్పొచ్చు. అంతకు ముందు ఏదో ఒకటే వాడండి.

8. పండగ, ఏడాది

వారం మించిన ఎదురుచూపుకు కాగితపు గొలుసు. రంగు కాగితం ముక్కలను రింగులుగా అంటించి ఒకదాంట్లో ఒకటి గుచ్చండి. రోజుకొకటి చింపాలి. పది రింగులు దాటితే పిల్లలకు ఆశ చచ్చిపోతుంది. సంక్రాంతి ఇంకా నెల ఉందంటే గొలుసు ఇప్పుడే వేలాడదీయకండి.

మన ఊరి పిల్లలకు దసరా మంచి అదను. నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి రోజుకో అలంకారం. ఆలయం ఇచ్చే అలంకారాల పట్టిక చూసి, రోజుకో గడి గీసి, ఆ రోజు అమ్మవారి చీర రంగు వేయించండి. మూలా నక్షత్రం రోజు సరస్వతీదేవి. "నిన్న ఏ రంగు? రేపు ఏ రంగు?" అని అడిగితే గడుల్ని చూసి చెబుతారు. పూజలు చేయని ఇళ్లలో రంజాన్ నెల చివరి పది రోజులతో, క్రిస్మస్ ముందు పది రోజులతో ఇలాగే చేయొచ్చు.

ఏడాది కోసం మాంటిస్సోరి బడుల్లో పుట్టినరోజున ఒక పని చేయిస్తారు. మధ్యలో సూర్యుడికి గుర్తుగా వెలుగుతున్న కొవ్వొత్తి. పిల్లలు చేతిలో గ్లోబు పట్టుకుని, ఎన్నేళ్లు నిండితే అన్నిసార్లు దాని చుట్టూ తిరుగుతారు. మేం కొవ్వొత్తి బదులు దీపం పెడతాం, ఆర్పించం. చుట్టుకొక ఫోటో చూపిస్తాం, పాకే ఫోటో, నడిచే ఫోటో. లంగాలూ పంచెలూ దీపానికి తగలకుండా పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి.

9. గడియారం, ఇక

ఐదు నిండాక, అంకెలు పన్నెండు దాకా వచ్చాక. ముందు చిన్నముల్లు మాత్రమే. "చిన్నముల్లు ఎనిమిది మీదికి వస్తే బడి." నిమిషాలు ఒకటో తరగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"పది లెక్కపెట్టేలోపు రాకపోతే..." అని బెదిరించడం అన్నిటికంటే చెడ్డది. టైమ్ అంటేనే భయం పట్టుకుంటుంది, లెక్కపెడుతుంటే కొందరు చెవులు మూసుకుంటారు.

ఫోన్ టైమర్ ఇంకోటి. గంట మోగగానే పిల్లలు చూసేది టైమ్‌ని కాదు, ఫోన్‌ని. ఆ తర్వాత ఫోన్ తిరిగి తీసుకోవడం మరో యుద్ధం.

అన్ని మెట్లూ ఒకే నెలలో ఎక్కించాలనుకోవడం కూడా చాలామంది చేస్తున్నారు. మొదటి మెట్టు, నీడ మినహా ఒక్కో మెట్టుకు కనీసం రెండు మూడు వారాలు ఇవ్వండి. మూడేళ్ల వాళ్లు ఏడాదంతా మొదటి మూడు మెట్ల మీదే ఉండొచ్చు. పక్కింటి పాపతో పోల్చి టెన్షన్ పడకండి.

వచ్చిందో లేదో చూసుకోవడం

పరీక్షలా కూర్చోబెట్టి అడిగితే తెలిసినవాళ్లు కూడా నోరు మెదపరు. మాటల్లో పెట్టి గమనించండి.

- మూడు, మూడున్నర: రెండు ఫోటోలిస్తే (పిండి, దోసె) ఏది ముందో చూపిస్తారు. పట్టీలో తర్వాతి పని మీరు చెప్పకముందే చెబుతారు.
- నాలుగు: నాలుగు ఫోటోలు కలిపేసి ఇస్తే వరసలో పెడతారు. "రెండు నిద్రలు" అంటే ఇవాళ బ్యాగు సర్దుకోరు.
- ఐదు: "ఇవాళ శుక్రవారమైతే రేపు బడి ఉందా?" లాంటి దానికి ఆలోచించి చెబుతారు. జవాబు తప్పినా, ఆలోచించిన తీరు సరిగ్గా ఉంటే చాలు.

నికరమైన గుర్తు మరొకటుంది. అమ్మమ్మకు ఫోన్ చేసి ఇచ్చి, మీరు పక్కకు వెళ్లండి. "పొద్దున బడికెళ్లా, తర్వాత పడుకున్నా, ఇప్పుడు ఆడుకుంటున్నా" అని మీ సాయం లేకుండా వరసగా చెప్పారంటే రెండో మెట్టు, మూడో మెట్టు దాటేసినట్టే.

నిన్న, మొన్న కలిపేస్తున్నారని ఐదేళ్ల దాకా కంగారు అక్కర్లేదు. కానీ ఐదు నిండాక కూడా రెండు పనుల్లో ఏది ముందో చెప్పలేకపోతే, దాంతోపాటు మాటలు తక్కువగా ఉండి, చెప్పిన చిన్న పని కూడా అందుకోలేకపోతుంటే, ఇంట్లో ఇంకా కసరత్తులు చేయించకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి. వెళ్లేటప్పుడు రోజు పట్టీ కూడా తీసుకెళ్లండి, ఏది అర్థమవుతోందో ఏది కావడం లేదో దాన్ని పెట్టుకుని చెప్పడం తేలిక.